బల్సారాను దించిన గుడ్డ

నేను ఒక పారాచూట్ గుడ్డను. నన్ను మ్యూజియానికి ఇవ్వాలా, ఆదివారం పాప బారసాలకు ఉయ్యాలగా కట్టాలా అని బోయినపల్లిలోని ఆ ఇంట్లో పొద్దుటి నుంచి వాదన నడుస్తోంది.

"ఎయిర్ షోకి యుద్ధం చేసిన పైలట్లు వస్తున్నారమ్మా. వాళ్ళకిస్తే మ్యూజియంలో పెడతారు. నా మనవరాలికి మెత్తటి ఉయ్యాల ఆన్‌లైన్లో కొంటాను" అన్నాడు శంకర్.

"బుర్ర కూడా అక్కడే దొరుకుతాదేమో చూడరా. నువ్వు పడుకున్నది ఇందులోనే" అంది అతని తల్లి నూకరత్నం.

"ఇచ్చీండి. ఇంట్లో వద్దు" అన్నాడు ఆమె భర్త డిల్లేశ్వరరావు, పేపరులోంచి తల ఎత్తకుండా.

నేను నొచ్చుకోలేదు. యుద్ధకాలంలో, వైమానిక స్థావరంలోని పొడవాటి బల్ల మీద నన్ను మడతపెట్టి సంచిలో సర్దింది ఆయనే. బల్సారా అనే కుర్ర పైలట్ మండుతున్న విమానం నుంచి నన్ను నమ్ముకుని దూకి, ఆవచేలో దిగాడు. అలా బతికిన పైలట్, పారాచూట్ మడతపెట్టినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చి నోరు తీపి చేయడం అక్కడి ఆనవాయితీ. బల్సారా మిఠాయితో పాటు, తాళ్ళ నుంచి కోసి తెచ్చిన నన్నూ ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన నన్ను తీసుకున్నాడు గానీ మిఠాయి ముట్టలేదు. తను మడతపెట్టిన మరో పారాచూట్‌తో, బల్సారా దూకిన రోజే వెళ్ళిన మాథుర్ అనే పైలట్ తిరిగి రాలేదు. అది తెరుచుకుందో లేదో ఆయన ఎవరినీ అడగలేదు. ఏం వినాల్సి వస్తుందోనని భయం. పారాచూట్ల పని వదిలి స్టోర్స్‌కు బదిలీ చేయించుకున్నాడు. ఇంట్లో ఉయ్యాల ముడులన్నీ నూకరత్నమే వేసింది. యాభై ఏళ్ళు మోయడం కంటే ఒకసారి అడగడం తేలికని మనుషులకు ఎందుకో తోచదు.

వాదన తెగకుండానే నన్ను సంచిలో పెట్టుకుని అందరూ ఎయిర్ షోకి బేగంపేట వెళ్ళారు. షామియానా కింద ముసలి పైలట్లు కోట్లకు పతకాలు తగిలించుకుని, మోత భరించలేక చెవి మిషన్లు తీసి జేబుల్లో వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఉన్న బల్సారాను పేరు అడిగి కనుక్కుని, శంకర్ నన్ను ఆయన ఒళ్ళో పరిచాడు. ఆయన వేళ్ళు నా కుట్ల వెంట నడిచాయి. తలెత్తి డిల్లేశ్వరరావును గుర్తుపట్టి, పక్క కుర్చీలోకి లాగాడు.

డిల్లేశ్వరరావు గొణిగినట్టు హిందీలో ఏదో అడిగాడు.

"వినబడలేదు, గట్టిగా చెప్పు" అన్నాడు బల్సారా.

"మాథుర్ సార్ పారాచూట్ తెరుచుకుందా సార్?"

ఈసారి ఇంటిల్లిపాదికీ వినబడింది. నూకరత్నం పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పారాచూట్ దాకా ఎక్కడ వచ్చిందయ్యా? నేను పక్క విమానంలోనే ఉన్నాను. విమానం గాలిలోనే పేలిపోయింది. వాడికి దూకే వ్యవధే లేదు." బల్సారా టీ పళ్ళెంలోంచి తీపి బిస్కెట్టు తీసి అందించాడు. "అప్పుడు తినలేదు కదూ నువ్వు."

డిల్లేశ్వరరావు మెల్లగా తిన్నాడు. నన్ను మాత్రం బల్సారా ఒళ్ళోంచి తీసుకుని, మూల మూలకు కలిపి మడతపెట్టాడు. ఆ చేతులు నాకు కొత్త కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, మజ్జిగలోకి ఉప్పు వేసుకుంటూ అందరికీ చెప్పాడు.

"గుడ్డ ఎవరికీ ఇవ్వట్లేదు. ఆదివారం ఉయ్యాల నేనే కడతాను."