మిల్లువాడ తలుపులు

మోసెస్ శవం హైదరాబాదు నుంచి వ్యానులో వచ్చేసరికి అతని ఇంటికి కొత్త తాళం వేసి ఉంది. హైదరాబాదులో పదో అంతస్తు కడుతూ జారిపడిన మేస్త్రీకి, సొంత చేత్తో కట్టుకున్న ఇంట్లోకి పోయే దారి లేకపోయింది.

వ్యానులో వెంట వచ్చిన దయమ్మ భర్త శవం పక్కనుంచి లేచింది. "ఫిలిప్పు మామా, మా తాళంచెవి ఏది?"

ముసలి కాపలాదారు ఫిలిప్పు గేటు గది వైపు చూశాడు.

మన్నళ్ళి ఊరికి పోయే దారిలో ఉన్న మిల్లువాడలో పాత కట్టుబాటు ఒకటుంది. ఊరు విడిచి పోయేవాళ్ళు తాళంచెవిని గేటు గదిలో మేకుకు తగిలించాలి. పత్తి మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. జీతం ఆగిపోయినా ఫిలిప్పు కాపలా మానలేదు. హైదరాబాదులో అంతస్తులు లేచినకొద్దీ ఇక్కడ మేకులకు తాళంచెవులు పెరిగాయి. వారం కిందట సుందరం అనే ఆయన కారులో దిగి, మిల్లు తరఫున వచ్చానని, ఇళ్ళకు సున్నం వేయిస్తామని చెప్పాడు. మిల్లు అన్న మాట వినగానే ఫిలిప్పు చెయ్యి దానంతటదే మేకుల మీదికి పోయింది. పద్దెనిమిది తాళంచెవులు తీసి ఇచ్చాడు. పెద్దల మాట వినడమే భక్తి అని జీవితమంతా నమ్మినవాడు. అది భక్తా, ఉత్త అలవాటా అని శవం ముందు మొదటిసారి అనుమానం కలిగింది.

"నేనే ఇచ్చిన బిడ్డా."

"ఇస్తివి! అడిగితే మా మెడకాయలు గూడ కోసిస్తుంటివి!" అని మీదికొచ్చాడు మోసెస్‌తో పనిచేసిన పీరప్ప.

కబురు అంది సుందరం వచ్చాడు. "మీ పెద్దమనిషే తాళంచెవులు అప్పగించాడు. మిల్లు ఇళ్ళు మిల్లుకు చేరాయి. ఇక్కడ ఫాంహౌసులు వస్తున్నాయి."

"ఏ మిల్లు ఇండ్లయ్యా?" దయమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. "మిల్లు ఇచ్చింది ఒక్క అర్ర. ఎర్రరాళ్ళ గోడలు, పైన రేకులు. వంటర్ర ఈయన కట్టిండు. కిటికి, తలుపు, దర్వాజ ఈయన పెట్టిండు. లోపల నేల చూసినవా? హైదరాబాదుల మీరు పారేసిన టైలు ముక్కలు పండుగ పండుగకు సంచిల మోసుకొచ్చి పరిచిండు. ఒకదానికొకటి కలువది."

ఆమె చెప్పింది వాడకంతా వర్తిస్తుంది. కూలిన పొగగొట్టం ఇటుకలు ఏడిళ్ళకు గోడలయ్యాయి. పత్తి బేళ్ళ గోదాము ప్రార్థన మందిరమయింది. మిల్లు వదిలేసిన దాన్ని కూలీల చేతులే ఊరు చేశాయి.

"ఎండ ముదురుతాంది. శవాన్ని మందిరంల పెడదాం" అన్నారెవరో.

"ఆయన ఇంట్లకెళ్ళే మట్టికి పోవాలె" అంది దయమ్మ.

పీరప్ప బండరాయి ఎత్తాడు. "తాళం ముట్టుకుంటే కేసే" అన్నాడు సుందరం.

"ఆగు పీరప్పా. తాళం వాళ్ళది, ముట్టకు." ఫిలిప్పు ముందుకొచ్చాడు. సుందరం నవ్వాడు. "తలుపు మోసెస్‌ది. దర్వాజ మోసెస్‌ది. గడ్డపార తే."

పదిమంది చేతులు పడ్డాయి. తాళం వేసింది వేసినట్టే ఉండగా, తలుపు దర్వాజ చట్రంతో సహా గోడలోంచి ఊడివచ్చింది. మోసెస్‌ను లోపలికి తీసుకుపోయి, ఆ కలవని టైళ్ళ మీద పడుకోబెట్టారు. ప్రార్థన ఫిలిప్పును చెప్పమన్నారు. "తండ్రీ, ఇంక దేన్నీ అడగంగనే ఇయ్యకుండ మాకు బలమియ్యి" అని మాత్రం అన్నాడు.

ఆ తలుపు మీదనే శవాన్ని మోశారు. సమాధుల దాకా అడుగడుక్కీ తాళం చెక్కకు కొట్టుకుంది.

తిరిగి వచ్చాక ఎవరూ ఇంటికి పోలేదు. కొత్త తాళాలు పడ్డ మిగిలిన పదిహేడు ఇళ్ళ తలుపులూ ఊడదీశారు. తర్వాత వాడలో ఉన్నవాళ్ళు కూడా ఎవరి తలుపు వాళ్ళు తీసి దారికి అడ్డంగా పేర్చారు. పొద్దు వాలుతుండగా పోలీసు జీపు ఆ కుప్ప ముందు ఆగింది.

"ఎవరు చెప్పారు తీయమని?" అడిగాడు ఎస్సై.

"నేనే" అంటూ ఫిలిప్పు తానే జీపెక్కి కూర్చున్నాడు. ఊళ్ళో లేనివాళ్ళ గుమ్మాల్లో కూడా ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు. దర్వాజ ఊడిన తన గుమ్మంలో దయమ్మ ఉంది.

జీపు కదిలితే పీరప్ప దాని పక్కన పరుగెత్తాడు. "మామా, గేటు గది తలుపో?"

"అది గూడ తీయుండ్రి. మేకులు గూడ."