మీటరు తాత చెయ్యి

ఆ బేకరీలో రొట్టెలు కాల్చే బట్టీకి వేడి చూపించే మీటరు చెడిపోయి ఎన్నేళ్లయిందో యజమానికే గుర్తులేదు. బాగు చేయించలేదు కూడా. ఎందుకు చేయిస్తాడు, మీటరు తాత ఉండగా? తాత బట్టీ నోట్లో కుడిచెయ్యి పెట్టి ఎనిమిది అంకెలు లెక్కపెడతాడు. ఎనిమిదో అంకెకు ఓర్చుకోలేక లాగేసుకున్నాడంటే రొట్టెలు పెట్టే వేడి వచ్చినట్టు. ముందే లాగేస్తే మంట తగ్గించాలి. ఎనిమిది దాటినా ఓర్చుకోగలిగితే ఇంకో రెండు కట్టెలు వెయ్యాలి. అదీ లెక్క.

తోటివాళ్లంతా పని మానేసి ఏనాడో ఇళ్లకు చేరారు. తాత ఎలా మానతాడు? భార్యకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో యంత్రానికి కట్టి ఆమె రక్తం కడగాలి. ఈయన కూలి ఆగిన వారం ఆ యంత్రమూ ఆగుతుంది. కాలూ చెయ్యీ ఆడినన్నాళ్లు చేసుకోవాలి అంటారే, ఆ మాట అన్నవాడెవడో గానీ వాడికి షుగరు ఉండి ఉండదు.

ఆ మాయదారి షుగరు ముందు తాత పాదాల్లో స్పర్శను తినేసింది. చెప్పు ఊడిపోయినా తెలియక తాత వీధి చివరిదాకా నడిచిపోయేవాడు. "పోతే పోయాయి, బట్టీలో పెట్టేది కాళ్లు కాదుగా" అని నవ్వేసేవాడు. తర్వాత తిమ్మిరి చేతులకు ఎక్కింది.

అది ముందు కనిపెట్టింది భార్యే. ఆసుపత్రిలో తనకు సూది గుచ్చేటప్పుడు ఆయన కుడిచెయ్యి పట్టుకోవడం ఆమెకు అలవాటు.

"ఏమండీ, నొప్పి లేదూ?" అంది ఆ రోజు.

"ఎందుకు?"

"గోళ్లు దిగేలా నొక్కాను. మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు."

చూసుకుంటే అరచేతి వెనక నాలుగు గాట్లు, ఎర్రగా.

"ముసలి తోలు కదే, మందమైపోయింది."

"నన్ను మభ్యపెట్టకండి. మానేయండి ఆ పని. ఎన్నాళ్లని నాకీ సూదులు? ఇక చాలు."

"నోర్మూసుకుని పడుకో" అన్నాడు. కోపం కాదది, భయం. ఆమె లేని ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్లడమంటే ఆయనకు చచ్చేంత భయం.

ఆ వారంలోనే ఒక పొద్దున తాత బట్టీలో చెయ్యి పెట్టి లెక్క మొదలెట్టాడు. ఎనిమిది దాటింది, పన్నెండూ దాటింది. చెయ్యి ఏమీ చెప్పలేదు. కట్టెలు పచ్చివేమో, మంట అందుకోలేదు అనుకున్నాడు. ఇంకో రెండు ఎగదోసి మళ్లీ పెట్టాడు. వెంట్రుకలు కాలిన కంపు వస్తే, పిండి కలిపేవాడి మసిగుడ్డ అంటుకుందేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

పిండి కలిపేవాడు మాత్రం ఆయన చేతి వంకే చూస్తున్నాడు. "తాతా, చెయ్యి తియ్యి" అన్నాడు నెమ్మదిగా.

మితిమీరిన ఆ వేడికి ఆ వాయి రొట్టెలన్నీ బొగ్గులయ్యాయి.

యజమాని వచ్చేసరికి తాత చేతిని ముందు కట్టుకున్న గుడ్డలో దాచుకున్నాడు. యజమాని ఆ గుడ్డ తొలగించి చాలాసేపు చూశాడు. ఇప్పుడు ఈయన పొమ్మంటే అక్కడ యంత్రం ఆగుతుంది, తాత బుర్రలో ఇంకో ఆలోచన లేదు. యజమాని చెడ్డవాడేం కాదు, మంచివాడే. అదే వచ్చిన చిక్కు.

"మీటరు పెట్టిస్తే ఇక నీతో పనుండదు తాతా. ఇంట్లో ఆవిడ పరిస్థితి నాకు తెలుసు, నిన్ను పంపేయడానికి మనసొప్పడం లేదు. ఎడమచెయ్యి బాగానే ఉందిగా?"

"ఉంది బాబూ" అన్నాడు తాత. ఎడమదానికి స్పర్శ కుడిదానికంటే ముందే పోయింది.

మర్నాడు కుడిచేతికి కట్టు కట్టుకుని వచ్చి ఎడమచెయ్యి బట్టీలో పెట్టాడు. పైకి అంకెలు చదివాడు గానీ, ఆ లెక్క వినేవాళ్ల కోసం. కళ్లు మాత్రం చర్మం మీద ఉన్నాయి. చెయ్యికి తెలియకపోయినా తోలు ఎర్రబడుతుంది కదా. పొక్కు లేచేలోపు లాగెయ్యాలి. మొదటిసారి లాగేశాడు. రెండో వాయికి కాస్త ఆలస్యమైంది.

రొట్టెలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి. యజమాని ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "చూశావా, ఎడమదీ నేర్చేసుకుంది" అన్నాడు. తాత కూడా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో సూది గుచ్చే వేళకు భార్య ఆయన చెయ్యి కోసం తడిమింది. ఇటూ కట్టే, అటూ కట్టే. కాసేపు రెండింటినీ చూసి, చొక్కా అంచు పట్టుకుంది.

"రేపు ఏం పెడతారండీ అందులో?" అంది.

యంత్రం తిరగడం మొదలైంది. తాత దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.