శాంపిల్ జోడు

చెప్పుల షాపులో ఆయన మహారాజు. కస్టమరు వచ్చి కుర్చీలో కూర్చోగానే ఒక మోకాలు నేలకానించి, కాలు చేతిలోకి తీసుకుని, ఇనుప పలక మీద పెట్టి కొలిచేదాకా ఒక్క జోడూ బయటికి తీయడు. "ఇరుకు చెప్పులేసుకుంటే కాళ్లు పాడైపోతాయమ్మా" అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెబుతాడు. ఇంట్లో భార్య కాలు ఎంతో మాత్రం ఆ మహానుభావుడికి తెలియదు.

తెలియాల్సిన అవసరం రాలేదు మరి. కంపెనీలు శాంపిల్‌గా పంపే ఆడవాళ్ల జోళ్లు ఎప్పుడూ ఐదో నంబరే. అమ్మడానికి పనికిరావు, పారేయడానికి ఆయనకు మనసొప్పదు. పెళ్లయిన దగ్గర్నుంచీ అవే టీచరు కాళ్లకి. టీచరంటే ఆయన భార్యే. బడిలో లెక్కలు చెబుతుంది, పొద్దస్తమానం బోర్డు ముందు నిలబడే ఉద్యోగం. "బిగుతుగా ఉన్నాయండీ" అంటే, "వేసుకోగా వేసుకోగా అవే వదులవుతాయి" అనేవాడు. వదులు కాలేదు సరికదా, వేళ్లే వంగాయి. కుడికాలి బొటనవేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుంది. దాని మొదట్లో ఎముక బుడిపెలా పొడుచుకొచ్చి, ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం విలవిల్లాడేది.

ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూపించింది.

"ఇది కొత్తగా మొలిచిన ఎముక కాదమ్మా. పాదంలో ఉన్న ఎముకే బయటికి జరిగింది, వేలు లోపలికి తిరిగింది. ఆ కీలే మీకు బుడిపెలా కనిపిస్తోంది. దీన్ని బన్యన్ అంటారు."

"పైపైన గీకేస్తే పోదాండీ?" అన్నాడు షాపాయన.

"పోదు. ఎముకని కోసి, సరైన వరసలోకి జరిపి, స్క్రూతో బిగించాలి. ఆరు వారాలు మడమ మీదే బరువు వేసి నడవాలి. వాపు మొత్తం తగ్గడానికి నెలలు పడుతుంది."

"చెప్పుల వల్లేనా డాక్టరుగారూ?" అంది టీచరు.

"కాలి తీరు కొంత పుట్టుకతోనే వస్తుంది. ఇరుకు చెప్పులు దాన్ని ఎగదోస్తాయి. మొదట్లోనే వెడల్పువి వేసుకునుంటే బహుశా ఇంతదాకా వచ్చేది కాదు. మీ నంబరెంత?"

"ఐదు."

నర్సు కొలిచింది. ఏడు.

టీచరు భర్త వైపు చూసింది. "కంపెనీని బట్టి నంబర్లు మారతాయిలే" అని ఆయన నీళ్లు నమిలాడు.

ఆపరేషనైంది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ వారాల్లో ఆయన ఆవిణ్ని బాగానే చూసుకున్నాడు. కాలి కింద దిండు పెట్టాడు, ఉప్పో కారమో తేలని వంటలు వండాడు. ఆయనకి బుద్ధొచ్చిందని ఆవిడ నిజంగానే అనుకుంది. ఆ నమ్మకంతోనే నొప్పంతా పళ్లబిగువున భరించింది.

మళ్లీ బడికి వెళ్లే రోజు దగ్గరపడగానే ఆయన నవ్వుకుంటూ ఒక డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టాడు. "బుడిపె పోయి కాలు సన్నబడిందిగా. ఇక హాయిగా పడతాయి చూడు."

ముందు మొనదేలిన నల్లటి జోడు. ఐదో నంబరు.

టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను ఎముక కోయించుకున్నది మీ శాంపిల్లో పట్టడానికనుకున్నారా?"

"ప్రేమగా తెస్తే అరుస్తావేంటే?"

"ప్రేమా? ఊళ్లో ప్రతి కాలూ పట్టుకుని కొలిచారు. నాదెప్పుడైనా కొలిచారా?"

"ఇంటిమనిషికి కొలతలేంటే!" అన్నాడాయన, అదేదో ఘనమైన మాటైనట్టు.

ఇక ఆ మనిషితో ఇంట్లో మాట్లాడి లాభం లేదని తేలిపోయింది. మర్నాడు సాయంత్రం, షాపు కిటకిటలాడే వేళ, ఆస్పత్రివాళ్లిచ్చిన వెడల్పు చెప్పులతోనే వెళ్లి కస్టమర్ల కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలో బ్యాంకు బ్యాడ్జీ పెట్టుకున్న ఒకావిడ కొత్త జోడులోకి కాలు దూర్చలేక అవస్థపడుతోంది.

"ఇంటికెళ్లాక మాట్లాడదాం" అని ఆయన పళ్లు నూరాడు.

"ఇంట్లో కొలతలుండవన్నారుగా. చెప్పులు చూపించండి. ఏడో నంబరు, ముందు వెడల్పుగా ఉండాలి."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆడవాళ్లవి ఆరు దాటి పెట్టం."

"ఎందుకు పెట్టరు?"

"అడిగేవాళ్లుండరు."

బ్యాంకావిడ తలెత్తింది. "ఇందాక నాది కొలిస్తే ఏడే వచ్చిందండీ. ఆరు సరిపోతుందని ఇవి తెచ్చిచ్చారు."

టీచరుకి తన కోపం తనొక్కదాని కోసమే కాదనిపించింది. కొలవడం చేతకాక కాదన్నమాట. ఇన్నేళ్లూ కొలిచి, చూసి, తెలిసీ ఇరుకువే అంటగట్టాడు ఈ మనిషి, ఎన్ని కాళ్లకో!

"విప్పేయండమ్మా" అంది బ్యాంకావిడతో. "నా ఎముక కోసి స్క్రూ బిగించారు. మీకెందుకా ఖర్మ!"

లేచి మగవాళ్ల చెప్పుల అర దగ్గరికి వెళ్లి, వెడల్పాటి తోలు చెప్పులు తీసి వేసుకుంది. వేళ్లన్నీ విడివిడిగా కదిలాయి.

"అవి మగాళ్లవే! నలుగురూ నవ్వుతారు" అన్నాడాయన.

"నవ్వనివ్వండి. కాళ్లు నావి."

ఆవిడ అలాగే వీధిలోకి నడిచింది. బ్యాంకావిడ ఆరో నంబరు జోడుని ఆయన చేతిలో పెట్టి, వట్టికాళ్లతో మగవాళ్ల అర వైపు వెళ్లింది.