ఎడమవైపు అరిగిన కుంచె

టీకొట్టు నూకాలమ్మ అన్న మాటను వెల్డింగు సింహాద్రి మోసుకొచ్చి, నేను నానుతున్న కిరసనాయిలు డబ్బా పక్కనే కూర్చుని షెడ్డంతటికీ వినిపించాడు. "పెయింటర్ ఏసోబు కూతురు బొమ్మలెయ్యడం నేర్చుకోడానికి పట్నం ఎల్తందంట! రంగు డబ్బాల మధ్యన పుట్టిన పిల్లకి ఆళ్లేటి నేర్పుతారని అడుగుతంది నూకాలప్ప."

అందరూ నవ్వారు. నాకు మాత్రం గుబులు పట్టుకుంది.

నేను ఒక కుంచెను. ఉడుత తోక వెంట్రుకలు, రేకు తొడుగు, చెక్క పిడి, అంతే నా ఒళ్లు. అనకాపల్లి దాటాక హైవే పక్కన లారీలకు బాడీలు కట్టే షెడ్డు నా ఊరు. ఏసోబు చేతిలో ఉన్నన్నాళ్లు లారీల వెనక అక్షరాలు రాశాను. అతని చూపు మసకబారాక కూతురు సలోమి చేతికి వచ్చాను.

సలోమిది ఎడంచేతి వాటం. లాగి లాగి నా మొనను ఒక పక్కకు అరగదీసింది. ఆ ఏటవాలులోనే ఉంది మా ఇద్దరి విద్యంతా. లారీల వెనక వేసే చిలక తోకను ఒక్క లాగులో వేసేవాళ్లం. లావుగా మొదలై, సన్నబడి, చివర్న కొక్కెంలా తిరిగేది. కన్నయితే నా అంచుతో ఒక్క నొక్కు. అది వెనకొచ్చే బండిని చూసి వెక్కిరిస్తున్నట్టుండేది.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కన్ను ఆఖరున పెట్టాలి. డ్రైవరు వెనక నిలబడి "చూసింది" అనాలి. ఆ తర్వాతే ఇంజను స్టార్టవ్వాలి. డ్రైవరు అప్పలకొండ అయితే సలోమి చెయ్యి తీయకముందే "సూసిందే అమ్మీ, నన్నే సూసింది!" అని కేకేసేవాడు. ఎన్ని లారీల మధ్య ఉన్నా తన బండిని ఆ చిలకతోనే పోల్చుకునేవాడు.

ఆ చిలకల ఫొటోలు చూసే కాలేజీ వాళ్లు సలోమికి సీటిచ్చారు. "ఈ తోక ఎవరు నేర్పారమ్మా?" అని మురిసిపోయారు. మనుషులు చిత్రమైనవాళ్లు. ఏ వంకర చూసి లోపలికి పిలిచారో, ఆ వంకర తీయడానికే పాఠాలు మొదలుపెట్టారు.

సలోమితో నేనూ పట్నం వెళ్లాను. అక్కడి మాస్టారు చెడ్డవాడని అనను. నీడ అంటే నలుపు కాదనీ, అందులో నీలం ఉంటుందనీ ఆయన చూపించిన రోజు సలోమి అన్నం మానేసి కిటికీ నీడలే చూస్తూ కూర్చుంది. నాకూ బాగానే ఉండింది. ఆ తర్వాత కుండలు, నిమ్మకాయలు, మడతల గుడ్డలు, మళ్లీ కుండలు. వేసిన ప్రతిదాని దగ్గరా ఆయన మెల్లగా అనేవాడు, "గీత పక్కకు లాగేస్తోందమ్మా. చేతిని అదుపులో పెట్టు."

ఆయన చెప్పింది చేతి సంగతి. సలోమి ఒకరోజు కొత్త బ్లేడు తెచ్చి నా మొనను తిన్నగా కోసేసింది. ఇన్నేళ్ల అరుగుదల కాగితం మీద చిటికెడు వెంట్రుకలై రాలింది. ఉఫ్‌మని ఊదేసింది. నేను అలసిపోయి ఉన్నాను, గింజుకోలేదు. ఆ ఏడు ఆమెకు మొదటి బహుమతి వచ్చింది.

వేసవి సెలవులకు వచ్చేసరికి అప్పలకొండ బండి కొత్త రంగు కోసం షెడ్డులో ఉంది. "నువ్వొస్తావని ఎవుల్నీ ముట్టుకోనివ్వలేదే అమ్మీ" అన్నాడు. సలోమి ముందు పెన్సిలుతో కొలతలు గీసుకుంది. ఈకకొక నీడ, నీడలో నీలం. తోక దగ్గర ఒక్క లాగు లాగబోయింది. నా మొన తిరగలేదు. ఆమె ఒక్క క్షణం ఆగి నన్ను చూసింది. తర్వాత చిన్న చిన్న గీతలతో తోకను అతికించింది.

"అచ్చం ఫొటోయే!" అన్నాడు సింహాద్రి. నూకాలమ్మ గ్లాసులు వదిలేసి వచ్చి బుగ్గన వేలేసుకుంది. ఏసోబు మసక కళ్లతో దగ్గరికొచ్చి, తడి రంగు వాసన పీల్చి, పక్కకు జరిగాడు.

సలోమి కన్ను పెట్టింది. అప్పలకొండ బండి వెనక నిలబడ్డాడు. కుడివైపు జరిగాడు. ఎడమవైపు జరిగాడు. క్లీనరు తాళంచెవి మీద చెయ్యేసుకుని ఎదురుచూస్తున్నాడు.

"చూసిందా మావయ్యా?" అంది సలోమి.

"బొమ్మ బాగుందే అమ్మీ," అన్నాడు అప్పలకొండ. "సూడ్డం లేదు."