రాజు స, అగ్ని స

తిర్సిత్ పనిచేసే అరత్ కిలో పేటలోని ప్రెస్సుకు, దేశాన్నేలిన దెర్గ్ సైనిక ప్రభుత్వం కూలిన మరుసటేడు, కంప్యూటర్ వచ్చింది. అందులో అక్షరాలకున్న గళ్ళు రెండువందల యాభై ఆరు. వాటిలో చాలా భాగం ఇంగ్లీషు ముందే ఆక్రమించింది. గుణింతాలతో కలిపితే తమ భాష రాసే గీజ్ లిపి మొత్తం గళ్ళన్నీ ఇచ్చినా పట్టదు. ప్రెస్సుకు కావలసిన అక్షరాలు గీసి గళ్ళలో కూర్చే పని తిర్సిత్‌ మీద పడింది.

ఒకే ధ్వనికి రెండు అక్షరాలున్నచోట ఆమె ఒకటి తీసేసింది. స లు రెండు. బళ్ళో పిల్లలు వాటిని రాజు స, అగ్ని స అని గుర్తుపెట్టుకుంటారు. పలకడంలో తేడా లేదు. దైవగ్రంథాలకు హుందాగా ఉంటుందని రాజు స ఉంచింది. అ లు కూడా రెండు; వాటిలోనూ ఒకటే ఉంచింది.

మొదట అచ్చువేసింది ప్రార్థనల పుస్తకం. తప్పులు చూసింది ఆమె తండ్రి మెరిగెత వెల్దె సెలాసే. మెరిగెత అంటే చర్చి గురువు; ప్రార్థనల భాష గీజ్‌ను రెండు తరాలకు నేర్పిన పండితుడు. ఆయనకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. కూతురు చదివింది, ఆయన విన్నాడు. జారిపోయిన మాటలన్నీ పట్టుకున్నాడు. పరిష్కర్తగా ఆయన పేరు అట్ట మీద వేశారు.

పుస్తకం బజారుకెళ్ళాక, చర్చి గోడల మీద బొమ్మలు వేసే యిగ్జావ్ ప్రెస్సుకొచ్చాడు. కాఫీ తాగి కప్పు పక్కన పెట్టాడు.

"తల్లీ, ఈ పుస్తకంతో నా పొట్ట కొట్టావు," అన్నాడు చివరికి.

"ఏమైంది బాబాయ్?"

"మరియమ్మ తల్లిని పేజీపేజీకీ బొమ్మ గీయమని అడిగావు. ఆవిడే గీస్తే నన్నెవరు పిలుస్తారు?"

మా కోసం వేడుకో అనే మాట అగ్ని స తో రాయాలి. రాజు స తో రాస్తే, ఈ పుస్తకంలో లాగా అ కూడా మారితే, బొమ్మ గీయి అని అర్థం. చెవికి రెండూ ఒకటే. తిర్సిత్ పుస్తకం తెరిచి చూసింది. నవ్వు రాలేదు.

సాయంత్రం తండ్రి దగ్గర కూర్చుని అంతా చెప్పింది. అట్ట మీద ఆయన పేరులోని రెండో స కూడా తప్పేనని చెప్పింది.

"వినడానికి నేనున్నాను. చూడాల్సింది నువ్వు కదమ్మా," అన్నాడాయన.

ఆమెకు అంతకన్నా తిడితేనే బాగుండేదనిపించింది.

మర్నాడు ఇంగ్లీషు చిన్న అక్షరాలన్నీ తీసిపారేసింది. యజమాని గొణిగాడు గానీ అడ్డం రాలేదు. ఖాళీ అయిన గళ్ళలో తీసేసిన స ను, అ ను కూర్చింది. కానీ అచ్చయిన పాఠంలో ఏ స ఏదో కంప్యూటర్‌కు తెలియదు. ఎవరో ఒకరు మాటమాటకీ చెప్పాలి. తండ్రిని అడగడానికి సిగ్గుపడుతుంటే, ఆయనే గబీ దుప్పటి కప్పుకుని, కర్ర పట్టుకుని ప్రెస్సుకొచ్చాడు. ఆమె వాక్యం చదివేది; ఆయన "అగ్ని," "రాజు," "మళ్ళీ అగ్ని," అంటూ చెప్పేవాడు. మొదటి పేజీ అయ్యాక ఆగి, "హ లు మూడుండాలి. ఎన్ని ఉంచావు?" అన్నాడు.

"ఒకటే, నాన్నా."

"అయితే మొదటికి పద."

ఈస్టర్ పండుగ ఫాసికాకు ముందు రెండో ముద్రణ వచ్చింది. తన పేరు వేయొద్దని మెరిగెత పట్టుబట్టాడు. తిర్సిత్ బతిమాలింది, ఆయన వినలేదు. పేరు లేకుండానే అచ్చయింది. మొదటి ముద్రణ కొన్నవాళ్ళలో ఎక్కువమంది దాన్ని మార్చుకోలేదు. పైకి చదివితే ప్రార్థన సరిగ్గానే ఉందన్నారు.