మోకుకు రెండు కొసలు

ఆ ఏడు వానలు వెలిశాక మా చెరువంతా గుర్రపు డెక్క పరుచుకుంది. పైన ఊదా పూలు, కింద కుళ్లిన నీళ్లు. మేం తాగేవి ఆ నీళ్లే. ఏడాదిన్నర వయసున్న నా బిడ్డకు ఒక్క నెలలోనే రెండుసార్లు వాంతులు, విరేచనాలు. హనుమకొండ దవాఖానలో డాక్టరమ్మ, "ముందు నీళ్లు మార్చమ్మా," అంది. ఎక్కడి నుంచి తెచ్చి మార్చను?

చెరువు సగం మాది, సగం అవతలి ఊరిది. చెరువు బాగోగులు చూసే సమితులు కూడా వేరు. మావాళ్లు వెదురు గడలతో ఆ డెక్క ఆకును హద్దురాయి అవతలికి నెట్టేవాళ్లు. వాళ్లు మళ్లీ ఇటు నెట్టేవాళ్లు.

నేను ఐదో తరగతిలోనే బడి మానేసినదాన్ని. పెద్దమనుషుల ముందు నోరు పెగలదు. అయినా బిడ్డ కళ్లు లోతుకు పోవడం చూశాక ఇంట్లో కూర్చోలేకపోయాను. చంకనేసుకుని చెరువు చుట్టి అవతలి ఊరికి పోయాను. రేవులో ఏసమ్మ అనే పెద్దావిడ బిందె దించి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందే పిల్లా, ఆకు మా దిక్కు నూకి, సూడవస్తివా?"

"కాదక్కా. జర నా బిడ్డను సూడు."

పాప పొట్ట తడిమి ఆమె మెత్తబడింది. "మా మనుమనికీ గిదే తిప్పలు."

"మోటర్లచ్చినంక బాయిల నీళ్లు గుంజిన మోట మోకులన్నీ అటకల మీదనే ఉన్నయి గదక్కా. ముడేసి, సొరబుర్రలు కడితే తేలుతయి. ఒక కొస మీరు, ఒక కొస మేము పట్టి, ఆకంతా కట్టకాడికి గుంజుకొద్దాం."

"నడుమల మీరు ఇడిసిపెడితే?"

"మీరిడిసిపెట్టినా గంతేనాయె!"

ఆమె పకపకా నవ్వింది. "సరే తియ్యి. ఆదివారం మాకు చర్చి ఉంటది, సోమవారం పెట్టుకుందాం."

ఈ మాట చెబితే మా ఊరివాళ్లూ సరేనన్నారు. సోమవారం చేపలు పట్టే ఉప్పలయ్య తెప్ప మీద మోకు కొసను ఆవలికి చేర్చాడు. రెండు ఒడ్ల మీద జనం గుంజుతూ నడిచారు.

"ఓ ఏసమ్మా! పొద్దుగాల బువ్వ తినలేదా?" మా పక్కింటి చిలుకమ్మ అరిచింది.

"నీ కొస సక్కగ పట్టు ముసలీ, నీళ్లల్ల పడతవు!"

మధ్యాహ్నానికి కట్ట పక్కన ఆకు కొండలా లేచింది. ఎండితే మంచి ఎరువని ఉప్పలయ్య అన్నాడో లేదో, నిన్నటిదాకా "మీ ఆకు" అని తిట్టుకున్న రెండూళ్లూ "మా ఆకు" అని కలబడ్డాయి.

"సగం సగం!" ఏసమ్మ గద్దించింది. "ఆకు మళ్ల మొలుస్తది, వచ్చే నెల మోకు పట్టనోళ్లకు పిడికెడు గూడ లేదు!"

నీళ్లు తేరుకోవడానికి వారం పట్టింది. దీపావళి నాటికి నా బిడ్డ చిలుకమ్మ చేతిలో జొన్నరొట్టె లాక్కుని వాకిట్లోకి ఉరికింది.