ఒక్క ఊపిరి తాడు

పొద్దున్నే సూదులు ఉడకబెడుతూ డెన్మార్కు నర్సు కారెనమ్మ తన భాషలో ఏదో ఒకటి అనుకునేది. ఆ మాట తాడై ఆమె నోట్లోంచి వస్తుంటే, దాన్ని ఆసుపత్రి ఆయా ఎలిశబెతు మోచేతికి చుట్ట చుట్టి మూలన పెట్టేది. మైపాడు ఆడవాళ్ళు వచ్చి చేదకొకటి, మేకకొకటి పట్టుకుపోయేవాళ్ళు.

ఆ భాషలో మాట పక్కన మాట పెట్టరు, మాటకి మాట తగిలిస్తారు. నడుమ "స్" అని చిన్న ముడి. బరువంతా మొదటి ముక్క మీద వేసి, కొసదాకా ఒకే ఊపిరిలో లాగాలి. మధ్యలో గాలి పీలిస్తే అక్కడికి తెగుద్ది. ఎన్ని ముక్కలైనా తగిలించుకోవచ్చు, ఎవడి సెలవూ అక్కర్లేదు. కారెనమ్మ దగ్గర ఆ భాష నేర్చుకున్న ఎలిశబెతుకి నచ్చింది అదే. ఈ ఊళ్ళో సెలవు లేకుండా ఆడది చెయ్యగలిగింది ఇంకేముంది గనక?

అరవై రెండు కార్తీకంలో, గాలి ముదురుతోందని తెలిసి కూడా చెంచురామయ్య తన పడవని సముద్రం మీదికి పంపినాడు. అందులో ఎలిశబెతు మొగుడు పోలేరయ్య, ఇంకో ముగ్గురు. లంగరు తాడు పుచ్చిపోయిందని పోలేరయ్య ముందే చెప్పినాడు.

"తెగితే పొయ్యేది నా పడవ. నీదేం పోద్దిరా?" అన్నాడు చెంచురామయ్య.

మధ్యాహ్నానికి తెగింది. అలల అవతల పడవ గిర్రున తిరుగుతోంది. ఎలిశబెతు ఒడ్డున నిలబడి గుండెల నిండా గాలి పట్టి మొదలుపెట్టింది. "స్టోర్మ్‌వేర్స్‌రెద్నింగ్స్‌బోద్స్‌..." తుఫాను, రక్షణ, పడవ. తాడు అలల మీద పాకింది.

"దొరసాని కూతలకి పడవ ఆగుద్దా?" వెనకనుంచి చెంచురామయ్య. "నీకేమే, మొగుడు పోతే ఇంకొకడు. నా పడవ గతేంది?"

దానికి ఎలిశబెతు దగ్గర జవాబు లేకనా? వాడి ఏడు తరాలనీ కడిగే జవాబుంది. ఆ ఒక్క తిట్టుకి ఊపిరి తీసుకుంటే నలుగురు మనుషులు పోతారు. తిట్టుని మింగి, ఆ మంటతోనే ఇంకో ముక్క తగిలించింది, దానికింకొకటి. కళ్ళు ఎర్రబారినాయి, ముక్కులోంచి నెత్తురు కారింది. పోలేరయ్య కొసని అందుకొని పడవ మొనకి చుట్టినాడు. ఆడవాళ్ళంతా పట్టి లాగినారు.

నలుగురూ దిగినాక చెంచురామయ్య కత్తి తెచ్చి తాడు కొయ్యబోయినాడు. కత్తి వంగింది గానీ తాడు తెగలేదు.

"విప్పవే. ముక్కలు ముక్కలుగా పలికితే ఊడొస్తదంట గదా."

ఎలిశబెతు పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది.

"కారెనమ్మ కలిపి పలకడమే నేర్పిందయ్యా. విడగొట్టడం నాకు తెలీదు."

మర్నాటి నుంచి ఆ పడవ వేటకి పోతే తాడూ వెంట పోయేది, కొస మాత్రం ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. పడవని ఒడ్డుకి లాగేదీ, చేపలు పంచుకునేదీ వాళ్ళే. చెంచురామయ్యకి చేప తోక కూడా దక్కలేదు.